దూరాభారం తగ్గితేనే రైతుకు గిట్టుబాటు

కరవు సీమగా పేరొందిన అనంతపురం ప్రాంతం నేడు అరటి, చీనీ, దానిమ్మ తోటలకు నెలవైనది. అయితే పంట పండించడం ఒక ఎత్తు, దానిని దూరపు మార్కెట్లకు చేర్చడం మరొక ఎత్తు. రవాణా ఖర్చు పెరిగినకొద్దీ తోట వద్ద రైతుకు దక్కే ధర తగ్గుతున్నందున దీనిని నిశితంగా పరిశీలించవలసి ఉన్నది.

ఈ ఖర్చులో రెండు భాగాలు కలవు. హమాలీ కూలి, పెట్టెల ఖర్చు దూరంతో నిమిత్తం లేనివి. ఇంధనం, టోల్ రుసుము, డ్రైవరు భత్యం దూరంతోపాటు పెరిగేవి. లారీ సగమే నిండినా, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చినా ఈ రెండవ భాగం పెద్దగా తగ్గదు. ఆ భారమంతా ఉన్న కొద్దిపాటి సరుకుపైనే పడుతుంది. ఆలస్యమైతే చెడిపోయే కాయలు అదనపు నష్టం.

2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు బయలుదేరిన కిసాన్ రైలు ఇందుకు ఒక మార్గం చూపినది. దక్షిణ భారతంలో తొలిదైన ఈ రైలు 332 టన్నుల సరుకును సుమారు 2,150 కిలోమీటర్ల దూరానికి ఒకేసారి తీసుకువెళ్లినది. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం నిర్దేశిత పండ్లు, కూరగాయల రవాణా చార్జీపై 50 శాతం రాయితీ ప్రకటించినది.

అయితే ఆ రాయితీ గడువుతో కూడినదిగా ఉండినది. అది లేనప్పుడూ నిలిచే పొదుపు రైతుల చేతిలోనే ఉన్నది. ఉత్పత్తిదారుల సంఘాలుగా కలిసి పూర్తి లోడు సమకూర్చుకోవాలి. తోట వద్దనే గ్రేడింగ్ జరిపి, అమ్ముడుపోని కాయలకు కిరాయి చెల్లించే అవసరం తప్పించుకోవాలి. తిరుగు ప్రయాణానికి సరుకు ముందే కుదిరిన వాహనాన్ని ఎంచుకోవాలి. దూరాన్ని తగ్గించలేము, కిలోకు పడే కిరాయిని తగ్గించగలము.