గిర్ గోవును అపహరించినదెవరు?

గిర్ గోవును బ్రెజిల్ వారు అపహరించిరని కొందరి ఆక్రోశము. అపహరణ మెక్కడిది? సౌరాష్ట్రమునందలి గిర్ అరణ్యప్రాంతమున పుట్టి ఆ పేరే ధరించిన ఈ గోజాతిని వారు 20వ శతాబ్దమున ఓడలమీద తీసికొనిపోయి, తరతరముల వంశావళిని, పాలదిగుబడిని వ్రాసిపెట్టుకొని, ఉత్తమమైన ఆబోతులనే ఎన్నుకొనిరి. హోల్‌స్టీన్‌తో కలిపి గిరోలాండోను రూపొందించిరి. ఆ సాంకర్యమును మెచ్చుట నా ఉద్దేశము కాదు. కాని శుద్ధజాతిని సైతము నిలుపుకొనిరి కదా! మరి మనమో? ఉబ్బెత్తు నుదురును, చుట్టుకొని వ్రేలాడు చెవులను చూచి హారతి నిచ్చెదము. ఏ దూడకు తండ్రి ఏదో చెప్పలేని గోశాలలు ఎన్ని లేవు! భగవద్గీత గోరక్షణమును కృషివాణిజ్యములతో కలిపి కర్మగా పేర్కొన్నది. కర్మయన్నచో మేత ఖర్చుండును, ఈనిన తేదీ యుండును, పూటపూటకు పాలలెక్క యుండును. ఇవన్నియు హారతితో తీరునని ఏ శాస్త్రము చెప్పినది?