ఏజెన్సీలో రెండెకరాలు

ఈ మధ్య మా ఆఫీసులో నలుగురు ఒకచోట చేరితే ఒకటే టాపిక్కు. "భద్రాచలం దగ్గర అడవి అంచున ఓ రెండెకరాలు దొరుకుతాయా?" నేను నెలలో పది పన్నెండు రోజులు అక్కడ ఉంటానని తెలిసిన దగ్గర్నుంచీ నేను వీళ్ళకి బ్రోకరులాగా కనిపిస్తున్నాను. ఒకాయన బాలి వెళ్ళొచ్చాడు. అక్కడ పొద్దున్నే పలకేసుకుని అలల మీద ఆటలు, మధ్యాహ్నం ల్యాప్‌టాప్, సాయంత్రం పిల్లలతో ఇసకలో షికారు అట. "మనకీ గోదారి ఉంది, అడవి ఉంది, నెట్టుంది, ఇంకేం కావాలి?" అన్నాడు. అక్కడ 1/70 అని ఓ చట్టం ఉంది గురూ అంటే, "దానికి దార్లున్నాయట కదా" అని నవ్వాడు.

ఆ దార్ల మీదే నా గొడవంతా.

ముందు నా సంగతి. మా మావగారి ఉద్యోగం ఇక్కడ. క్వార్టర్సిచ్చారు. 2020 నుంచీ ఇంటి నుంచి పని అలవాటయ్యాక, నేనూ మా ఆవిడా మూడేళ్ళ మా బుడ్డోడూ హైదరాబాదుకీ ఇక్కడికీ మధ్య తిరుగుతున్నాం. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు, రాత్రి బస్సు. రైలెక్కుదామంటే "భద్రాచలం రోడ్" అనే స్టేషనొకటుంది. అది కొత్తగూడెంలో ఉంటుంది! అక్కడ దిగి భద్రాచలం ఎక్కడ అని అడిగితే ఇంకో నలభై కిలోమీటర్లు అంటారు. మొదటిసారి వచ్చే భక్తుల మొహాలు చూడాలి అప్పుడు :)

ఫొటోల్లో కనపడేది పాపికొండలు, పర్ణశాల, కిన్నెరసాని. కనపడనిది మే నెల. ఎండ నలభై ఐదు దాకా పోతుంది, మధ్యాహ్నం కరెంటు పోతే మీటింగూ పోతుంది. ఇంకొకటి, గోదారి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 తర్వాత అంత నీరు రావడం అదే. మా ఆవిడ పురిటికని పుట్టింటికొచ్చి ఎనిమిదో నెలతో ఇక్కడుంది. నేను హైదరాబాదులో ఉన్నాను. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. పల్లపు కాలనీల జనం మూటలు సర్దుకుని పునరావాస కేంద్రాలకి పోతుంటే, మా ఆఫీసు గ్రూపులో అదే గోదారి వీడియో "వావ్, ఏం వ్యూ" అంటూ తిరిగింది. అప్పట్నుంచీ "వ్యూ" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, చట్టం. దీని మీద మనవాళ్ళకి ఉన్నంత అజ్ఞానం నేనెక్కడా చూళ్ళేదు. అదేదో ఇందిరమ్మ రోజుల్లో ఎవరో పుట్టించిన అడ్డంకి అనుకుంటారు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీ. అక్కడ 1917లోనే ఇంగ్లీషువాడు చట్టం చేశాడు, ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతుల భూమి బయటివాడి చేతికి పోకూడదని. వాడికేదో ప్రేమ కారిపోయి కాదు. షావుకార్లు అప్పులిచ్చి పొలాలు లాక్కుంటుంటే ఆ మన్యంలో తిరుగుబాట్లు లేస్తున్నాయని. స్వతంత్రం వచ్చాక 1959లో ఒక రెగ్యులేషను వచ్చింది, దాన్ని 1963లో తెలంగాణ ప్రాంతానికీ వర్తింపజేశారు. 1970లో దాన్నే గట్టిగా సవరించారు, అదే మనం అనే 1/70. సుప్రీం కోర్టు 1988లో అది చెల్లుతుందనే చెప్పింది.

ఆ సవరణ చదివితే నాకు ముచ్చటేసింది. రాసినవాడెవడో మంచి ప్రోగ్రామరు అయ్యుండాలి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందిగానే భావించాలి. అంటే డిఫాల్టు విలువ గిరిజనుడి వైపు పెట్టాడు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అమ్మాలంటే గిరిజనుడికే అమ్మాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు, దానం, మారకం అన్నీ బదిలీ కిందకే వస్తాయి. "కొనం, లీజుకి తీసుకుంటాం" అనే తెలివిగల వాళ్ళు ఇది గమనించాలి. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీం కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు కూడా తన భూమిని గిరిజనేతరులకి గనులకోసం లీజుకివ్వకూడదంది.

మరి మా బాలి మిత్రుడు చెప్పే దారేమిటి? చాలా సింపులు. ఒక కోయ కుర్రాణ్ణి చూసుకోవడం, భూమి వాడి పేరు మీద రాయించడం, పాసుపుస్తకం మన బీరువాలో పెట్టుకోవడం, వాణ్ణే కాపలాకి పెట్టుకోవడం. అంటే కాగితం మీద వాడు ఆసామి, గేటు దగ్గర వాచ్‌మను. బాలిలోనూ ఇదే నాటకం. అక్కడ విదేశీయుడికి భూమి మీద పూర్తి హక్కు రాదు కాబట్టి ఊరివాడి పేరుతో కొంటారు. దీనికి ఇంగ్లీషులో ఎంత అందమైన పేరు పెట్టినా తెలుగులో బినామీ అనే అంటాం. దొంగతనానికి తమ్ముడు.

"నీలాంటి వాళ్ళ వల్లే ఆ ప్రాంతం వెనకబడింది, టూరిజం వస్తే వాళ్ళకే ఉద్యోగాలొస్తాయి" అని ఓ సీనియర్ ఆవిడ క్లాసు పీకారు. ఏ ఉద్యోగాలండీ? పక్కలు సర్దడం, గిన్నెలు తోమడం, రాత్రి మంట చుట్టూ మీరు కూర్చుంటే కొమ్ము డోలు కట్టుకుని ఎగరడం. సొంత పొలంలో కూలీ! సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకునేవాడికి భూమి పోతే ఇంక మిగిలేదేమిటో ఆవిడ చెప్పలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో టూరిస్టు బోటు మునిగితే పడవలేసుకుని వెళ్ళి దొరికినవాళ్ళని ఒడ్డుకి చేర్చింది దగ్గరి గిరిజన పల్లెల జనమే. టూరిజం పాలసీలో వాళ్ళ పాత్ర ఏమిటో నాకు ఎక్కడా కనపడలేదు.

ఒక వాదన మాత్రం నేను కొట్టిపారెయ్యను. భద్రాచలం ఊళ్ళో తరాల తరబడి ఉంటున్న గిరిజనేతరులు ఉన్నారు. గుడినీ యాత్రికుల్నీ నమ్ముకుని బతికే చిన్న చిన్న కొట్లవాళ్ళు. ఇల్లు తెల్లకాగితం మీద కొన్నదే, బ్యాంకుకెళ్తే లోను రాదు. దానికి తోడు 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు, పట్నం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఇప్పుడు చర్ల రోడ్డు మీద పోతుంటే మధ్యలో పక్క రాష్ట్రం వచ్చి పోతుంది. ఊరి చెత్త వెయ్యడానికి కూడా స్థలం వెతుక్కోవలసిన ఊరు. వాళ్ళ కష్టం నిజం. ఉన్న ఇంటికి ఏదో ఒక భద్రత చూపించమని వాళ్ళు అడిగితే కూర్చుని మాట్లాడాల్సిందే, ఆ మాట్లాడే చోట గిరిజనులూ ఉండాలి. కానీ వీళ్ళ కష్టాన్ని చూపించి చట్టమే ఎత్తేయమనేది ఎవరో చూడండి. గేటు తీస్తే హైదరాబాదు డబ్బు ముందు ఈ కొట్టువాడు నిలబడగలడా? కోయవాడి పొలం మొదటి ఏడాది పోతే, కొట్టువాడి ఇల్లు రెండో ఏడాది పోతుంది. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు పొలాలు ఏమయ్యాయో మన కళ్ళ ముందే ఉంది కదా.

"మరి నువ్వెలా ఉంటున్నావ్?" అంటారు. అతిథిగా ఉంటున్నాను. సంతలో కూరలు కొంటాను, గిరిజన సహకార సంస్థ తేనె కొంటాను, బుడ్డోడికి జ్వరమొస్తే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళ వెనకాల ఆస్పత్రి లైన్లో నిలబడతాను. ఇక్కడ నాకు సెంటు భూమి లేదు, ఉండకూడదు. మీరూ రండి. గుడి దగ్గర బోలెడు గదులున్నాయి, టూరిజం వాళ్ళ హోటలుంది. నెలరోజులుండి పని చేసుకుంటానన్నా ఎవరూ కాదనరు. పిల్లల్ని గోదారి రేవుకి తీసుకెళ్ళండి, వర్షాకాలం తప్ప.

మావగారికి ఇంకో రెండేళ్ళ సర్వీసుంది. తర్వాత తాళాలిచ్చేసి వాళ్ళు ఖమ్మం వెళ్ళిపోతారు. బుడ్డోడు ఇప్పటికే "మన ఇల్లు గోదారి ఇల్లు" అంటుంటాడు. కాదు నాన్నా, మనకిచ్చిన ఇల్లు అని మా ఆవిడ సరిదిద్దుతూ ఉంటుంది.