ముందు చీమా, ముందు చేపా?

ఒకటో తరగతి వర్క్‌షీట్లలో తరచూ కనబడే అభ్యాసం ఒకటుంది. నాలుగు బొమ్మలిచ్చి వరుసలో పెట్టమంటారు: అబ్బాయి నిద్ర లేచాడు, పళ్లు తోముకున్నాడు, స్నానం చేశాడు, బడికెళ్లాడు. స్నానం ముందు పెట్టిన పిల్లకు ఇంటూ పడుతుంది. ఎందుకు తప్పో అడిగితే టీచరు దగ్గరా జవాబుండదు. స్నానం చేశాక పళ్లు తోముకునే ఇళ్లు బోలెడు. అది అలవాటు చెప్పే వరుసే తప్ప ఒకదానివల్ల ఇంకొకటి జరిగిన వరుస కాదు. కథలో ఏది ముందో ఏది వెనకో పిల్లలకు పట్టుబడాలంటే 'తర్వాత ఏమైంది' అన్న ప్రశ్న చాలదు, 'ఎందుకైంది' అనీ అడగాలి.

అందుకు ఏడు చేపల కథ మన చేతిలోనే ఉంది. ఎండని చేప దగ్గర మొదలైన విచారణ గడ్డిమోపు, ఆవు, పశువుల కాపరి, అన్నం పెట్టని అమ్మ, ఏడ్చిన పాప మీదుగా చీమ దాకా వెళ్తుంది. చెప్పేటప్పుడు ఆఖర్న వచ్చే చీమ, జరిగినప్పుడు అందరికంటే ముందుంది. (పుట్టలో వేలు పెట్టిన పాపే ముందని చీమ వాదన, అదీ న్యాయమే.) పిల్లలు దాన్ని బట్టీపట్టి పాటలా అప్పజెప్తారు, అందులో ఆలోచనేముంది అనవచ్చు. నిజమే, అప్పజెప్పడంతో ఆపేస్తే ఏమీ లేదు. అదే కథను చీమ వైపు నుంచి చేప దాకా చెప్పమంటే బట్టీ పనికిరాదు.

పిల్లలకు ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా కథ తిరిగి చెప్పేటప్పుడు వరుస తప్పుతుందని 1923లో మనస్తత్వవేత్త జీన్ పియాజే రాశాడు. ఆయన వినిపించిన కథల అల్లికలోనే లోపముందని తర్వాతివాళ్లు అన్నారు. అల్లిక సరిగా ఉన్న కథను ఒకటో తరగతి పిల్లలు కూడా దాని కట్టుబాటును అనుసరించే గుర్తుపెట్టుకుంటారని 1977లో జీన్ మాండ్లర్, నాన్సీ జాన్సన్ చూపించారు. మిగతావాటితో కార్యకారణ సంబంధాలు ఎక్కువున్న సంఘటనే బాగా గుర్తుంటుందని 1985లో ట్రబాసో, వాన్ డెన్ బ్రూక్ తేల్చారు.

విశాఖలో ఇలా కారణాలతో అల్లుకున్న కథలు వెతుక్కోనక్కర్లేదు. మత్స్యకారుల వాడ పెదజాలరిపేట పిల్లలకు చేప ఎందుకు ఎండదో పుస్తకం చెప్పాలా? మబ్బు పడితే ఎండదు, ఎండకపోతే కుళ్లుతుంది, కుళ్లితే అమ్ముడుపోదు. ఉక్కు కర్మాగారపు కాలనీ ఉక్కునగరం పిల్లలకు ఇంకో గొలుసు ఉంది: ఓడ నుంచి దిగిన బొగ్గు కోక్ ఓవెన్‌లో కోక్‌గా మారాకే బ్లాస్ట్ ఫర్నేస్‌కు వెళ్తుంది, అక్కడ ఖనిజం కరిగి ఇనుమైతేనే ఉక్కు తయారీ మొదలవుతుంది. ఇందులో ఏ బొమ్మనూ ఇష్టమొచ్చిన చోట పెట్టలేం, ఎందుకో పిల్లలే చెప్పగలరు.

ఇంట్లో ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలూ ఉన్న ఈ ఊళ్లో మాటలక్కర్లేని బొమ్మలే సులువని టీచర్లు అంటే కాదనలేం. నలభైమంది ఉన్న తరగతిలో దిద్దడమూ తేలికే. బొమ్మలు ఉండనివ్వండి, కారణమున్న బొమ్మలు ఉంచండి. చేప, మబ్బు, బుట్ట వెనక్కి మోసుకెళ్తున్న అమ్మ చాలు. మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ లక్ష్యం పెట్టుకుంది. అర్థమైందో లేదో చూడాలంటే వరుస సరిపెట్టిన పిల్లను ఇంకొక్క మాట అడగాలి: ఏడు చేపల కథలో ఆవు మేసి ఉంటే ఏమయ్యేది? దిద్దడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే నలభై జవాబులూ ఒకేలా ఉండవు.