ప్రకటనల నిర్బంధము

ప్రకటనల నడ్డు సాధనములను వాడువారికి దృశ్యములు కానరాకుండ జేయు కట్టడిని యూట్యూబు సంస్థ 2023లో దేశదేశముల ముమ్మరము చేసెను. నిడివిగల దృశ్యములపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు వానిని నిర్మించినవారికే చెందును. సేద్యము, వంట, పాఠములు తెలుగున జెప్పువా రనేకులు దీనిని నమ్ముకొనియున్నారు. కావున సంస్థవారి మొర నిరాధారము కాదు. అయినను పాఠము నడుమ దాటరాని ప్రకటనలను జొప్పించి, అవి వలదన్నవారినుండి గొను రుసుమును 2024లో మనదేశమున నెలకు 129 నుండి 149 రూపాయలకు పెంచుట యెట్టి న్యాయము? పత్రికలును ప్రకటనలచేతనే బ్రదుకుచున్నవి. పుట త్రిప్పు పాఠకుని చేయి మేమెన్నడును బట్టుకొనలేదు. ఇట్టి సాధనమును జనుల కందించుట అక్రమపు పోటీ కాదని జర్మనీ సమాఖ్య న్యాయస్థానము 2018 ఏప్రిలులో తీర్పు చెప్పినది. గంటకెన్ని ప్రకటనలు చూపుదురో సంస్థవారు మొదట హద్దు నిర్ణయించి బహిరంగముగ దెలుపవలెను; చూపరులను దోషులనుట ఆ పిమ్మటి మాట.