అమ్ముదాం, అమ్ముడుపోవద్దు

ఈ-పుస్తకాన్ని సొంతంగా అమ్ముకోవడం వృథా ప్రయాస, అమెజాన్ కిండిల్‌లో పెడితే ప్రపంచమంతా కొంటుంది అనే వాదం యీ మధ్య తరచు వినబడుతోంది. బెజవాడలో తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి వ్యాపారం గొడవ ఎందుకంటారేమో! నా విద్యార్థులు ఫోనులోనే చదువుతున్నారు. వారికి ఏ పుస్తకం అందాలో, ఎవరి దయవల్ల అందాలో అన్నది సాహిత్య సమస్యే.

ఆ దుకాణం షరతు చూడండి. స్వయంగా పుస్తకం పెట్టుకునే రచయితకైనా, చిన్న ప్రచురణకర్తకైనా భారతదేశపు అమ్మకాలపై 70 శాతం రాయల్టీ రావాలంటే, 90 రోజుల గడువు చొప్పున ఆ ఈ-పుస్తకాన్ని మరెక్కడా, సొంత దుకాణంలో సైతం, అమ్మనని ఒప్పుకోవాలి. లేకుంటే 35 శాతమే. డెల్టా రైతుకిది కొత్త కథ కాదు. నాట్లనాడు అప్పిచ్చిన షావుకారు కళ్ళంలోనే ధాన్యం కొలుచుకుంటాడు. పక్కవూళ్ళో మంచి ధర పలుకుతున్నా రైతు బస్తా కదల్చలేడు.

పోనీ, మన భాషకు దక్కిన గౌరవమేమిటి? 2016 డిసెంబరులో ఆ సంస్థ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలను ఆహ్వానించింది. తెలుగును పిలవలేదు. అంతకు ఆరేళ్ళ ముందే, 2010లో, "కినిగె" పెట్టి తెలుగు ఈ-పుస్తకాలమ్మినవారు తెలుగువారే. ఇక 2009లో హక్కుల తగాదా వచ్చి, అమ్మిన ఆర్వెల్ నవలలనే కొన్నవారి యంత్రాలనుంచి తుడిచివేశారు. తర్వాత క్షమాపణ చెప్పారు, నిజమే. కాని మన అలమరలోకి ఎవరి చెయ్యి రాగలదో తేలిపోయింది.

అక్కడ అమ్మవద్దని నేననను. డాలస్‌లో వున్న పాఠకుడికి ఆ దుకాణమే దగ్గర. అక్కడే అమ్ముతామని సంతకం పెట్టవద్దంటాను. ఒంటరి ప్రచురణకర్తకు దుకాణం నడిపే స్తోమతు లేదన్నదీ నిజమే. అందుకే పదిమందీ కలిసి సహకార పద్ధతిన ఉమ్మడి దుకాణం పెట్టాలి. అను ఫాంట్లలో చిక్కుకున్న పాత పుస్తకాలను యూనికోడులోకి మార్చే ఖర్చూ పంచుకోవాలి.

ఇది గగనకుసుమం కాదు. 1935లో పాతూరి నాగభూషణం గ్రంథాలయాన్ని పడవ ఎక్కించి డెల్టా కాలువలపై పల్లెలకు పంపారు. 1953లో విజయవాడలో పుట్టిన విశాలాంధ్ర ప్రచురణాలయం పుస్తకాలను వ్యానులో వూరూరా తిప్పింది. పాఠకుడి గడపదాకా నడిచిన చరిత్ర మనది. విజయవాడ పుస్తక మహోత్సవానికి ప్రచురణకర్తలు చేరుతూనే వున్నారు కదా. వచ్చేసారి ఒక్కపూట స్టాళ్ళు వదలి, యీ ఒక్క విషయంపై కూర్చుని తేల్చండి. విద్యార్థులం, అధ్యాపకులం, కొనేవాళ్ళం మేమున్నాం.