పిలిచినవాళ్లకే పేరంటం

కొత్త ఆన్‌లైన్ వేదిక ఏదొచ్చినా మన సాహిత్య మిత్రుల్లో ఒక హడావిడి మొదలవుతుంది. "నాకు ఇన్వైట్ వచ్చింది, నీకొచ్చిందా?" అని. పుస్తకం అచ్చయినంత సంబరం! నా దగ్గర ఇంకో రెండు ఇన్వైట్లు మిగిలాయని ఒకాయన ప్రకటిస్తాడు, మిగతావాళ్లు క్యూ కడతారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పదిమందీ కలిసి పనిచేయడానికని కట్టిన చోటుకి మొదటి రోజే తాళం వేసి, తాళంచెవి దొరికినవాణ్ణి గొప్పవాణ్ణి చేసే ఈ పద్ధతి మన సాహిత్యానికి కీడే చేస్తుందని నా వాదన.

నేనూ సాఫ్ట్‌వేర్ మనిషినే. ఎర్లీ యాక్సెస్ ఎందుకు పెడతారో తెలుసు. సర్వర్లు ఎంత బరువు మోస్తాయో ముందుగా చెప్పలేం. బగ్గులు కొద్దిమంది దగ్గరే బయటపడితే నష్టం తక్కువ. కాబట్టి కొన్ని వారాలు తలుపు ఓరగా వేసి ఉంచడం ఇంజనీరింగ్. నెలల తరబడి అలాగే ఉంచి, బయట నిలబడ్డవాళ్ల ఆత్రాన్ని ప్రచారానికి వాడుకోవడం వ్యాపారం. రెండిటికీ ఒకే పేరు పెట్టారు గనక మనకు తేడా తెలియడం లేదు.

గూగుల్ వేవ్ సంగతి గుర్తుందా? 2009 మే 28న ప్రకటించారు. గూగుల్ మ్యాప్స్ కట్టిన రాస్ముసెన్ అన్నదమ్ములే దీన్నీ కట్టారు. ఉత్తరం, చాట్, ఉమ్మడి రాతప్రతి, మూడూ ఒకేచోట. అవతలివాళ్లు టైపు చేస్తుంటే అక్షరం అక్షరం ఇక్కడ కనిపించేది. అందులో ఒక మంచి సౌకర్యం ఉండేది: ఆలస్యంగా వచ్చినవాళ్లు అప్పటిదాకా జరిగిన సంభాషణను మొదట్నుంచి మళ్లీ ఆడించి చూసుకోవచ్చు. అంటే వెనకొచ్చినవాళ్ల కోసం ఆలోచించి కట్టిన ఇల్లు. కానీ ఆ వెనకొచ్చినవాళ్లనే గడప దాటనివ్వలేదు. సెప్టెంబర్ 30న సుమారు లక్షమందికి ఆహ్వానాలు పంపారు. వాళ్లు తమకు తెలిసిన కొద్దిమందిని పిలవాలి, ఆ పిలుపులూ వెంటనే చేరవు. ఇన్వైట్లను ఈబేలో అమ్మకానికి పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. తీరా లోపలికెళ్లినవాడికి కనిపించింది ఖాళీ గది. కలిసి రాద్దామంటే తోడు రాసేవాడు ఇంకా వీధిలోనే ఉన్నాడాయె! 2010 మే 19న తలుపులు బార్లా తెరిచారు. అప్పటికి జనం మోజు తీరిపోయింది. అదే ఏడు ఆగస్టు 4న, కావలసినంతమంది వాడడం లేదని చెప్పి, అభివృద్ధి ఆపేస్తున్నామన్నారు. 2012 ఏప్రిల్ 30 తర్వాత మొత్తం మూతపడింది.

"మరి జీమెయిల్ కూడా ఇన్వైట్లతోనే కదా మొదలైంది, అది బతికింది కదా" అంటారు. నిజమే, 2004లో అలాగే మొదలైంది. కానీ జీమెయిల్ ఉన్నవాడు యాహూ ఉన్నవాడికి నిక్షేపంగా ఉత్తరం రాసుకోగలిగాడు. పోస్టాఫీసు వేరైనా ఉత్తరం చేరింది. కలిసి రాసే వేదికకు ఆ వీలు లేదు. అవతలి మనిషి లోపల లేకపోతే అది వేదికే కాదు.

ఇంతకీ ఇన్వైట్ ఎవరికి అందుతుంది? తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లకి. ఆ గొలుసు బే ఏరియాలో మొదలై గచ్చిబౌలికొచ్చి ఆగుతుంది. దేవరకొండలోనో అచ్చంపేటలోనో కూర్చుని కథలు రాసుకునే పిల్లకి ఆ గొలుసులో చుట్టమెవరు? 2009లో నల్లగొండలో ఇంజనీరింగ్ చదువుతున్న మా బ్యాచ్‌కి వేవ్ అనేది నెట్ సెంటర్లో చూసిన డెమో వీడియో మాత్రమే. క్లబ్‌హౌస్ వచ్చినప్పుడు ఇన్వైట్‌కి తోడు ఐఫోన్ కూడా కావాల్సి వచ్చింది. 2020లో మొదలైతే, ఆండ్రాయిడ్ ఫోన్లకు అందింది 2021 మేలో, ఇన్వైట్ ఎత్తేసింది జూలైలో. అప్పటికి లోపల ఎవరు పెద్దలో, ఎవరు శ్రోతలో తేలిపోయింది. ముందొచ్చినవాడిదే మైకు. మన రచ్చబండలు మాత్రం అందరివా అంటారేమో. కావు. అక్కడ ఎవరు కూర్చోవాలో, ఎవరు దూరంగా నిలబడాలో కులం చెప్పింది. అది తెలిసినవాళ్లం, కొత్త అరుగుల మీద కూడా పరిచయాన్ని బట్టి పీట వేస్తుంటే ఎట్ల ఊరుకుంటం?

మా పాలమూరు జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి చేసిన పని చూడండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట పుట్టినప్పుడు, ఆయన తనకు తెలిసిన పదిమంది పేర్లు చెప్పి ఊరుకోలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచీ పద్యాలు రప్పించాడు. 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. 354 మంది కవులు! పరిచయాల గొలుసు పట్టుకుని పోయి ఉంటే అందులో ఎంతమంది దొరికేవాళ్లు? ఆ సంచిక బలం ఏ ఒక్క పద్యంలోనూ లేదు, ఆ లెక్కలో ఉంది. ఆ లెక్క తెరిచిన తలుపు వల్ల వచ్చింది.

మన కాలంలో అదే పని తెలుగు వికీపీడియా చేసింది. 2003 డిసెంబర్‌లో పుట్టింది. దానికి ఇన్వైట్ అక్కర్లేదు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి, పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరైనప్పుడు, ఊళ్ల పేజీల్లో మండలాలూ జిల్లాలూ మార్చుకుంటూ పోయింది జీతం లేని మనుషులే. వాళ్లను ఎవరూ ఏరి పిలవలేదు.

తలుపు తెరిస్తే చెత్త కూడా వస్తుందన్న అభ్యంతరం ఉంది. వస్తుంది, కాదనను. వికీలో బూతులు రాసేవాళ్లున్నారు. కానీ ప్రతి మార్పుకీ చరిత్ర ఉంటుంది, ఒక నొక్కుతో వెనక్కి తిప్పేయొచ్చు. అక్కడ జల్లెడ పట్టేది రాతకి. ఇన్వైట్ జల్లెడ పట్టేది మనిషికి, అదీ అతను ఒక్క ముక్క రాయకముందే. సంపాదకుడు రచన చదివి తిప్పి పంపితే నాకు బాధ ఉంటుంది గానీ ఫిర్యాదు ఉండదు. చదవకుండానే, "నువ్వు ఎవరి తాలూకు?" అని అడిగితే మాత్రం కచ్చితంగా కొట్లాడతాను.

కాబట్టి సాహిత్య బృందాలు నడిపేవాళ్లకు నా డిమాండ్ ఇది. మీ చర్చల్ని కొత్త వేదిక మీదికి మార్చేముందు, అది మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరుచుకుంటుందా, ముక్కూమొహం తెలియని పాఠకుడు పిలుపు లేకుండా చదవగలడా, అది మూతపడే రోజున మన రాతలు మనం మూటగట్టుకుని బయటికి రాగలమా చూడండి. ఒక్కదానికైనా "లేదు" అని జవాబొస్తే అక్కడికి పోకండి. మీకొచ్చిన ఇన్వైట్ బంగారు పూత పూసిందైనా సరే, వాడకండి.