పాత పునాదిపై కొత్త మేడ

పెరిగే కుటుంబానికి ఇల్లు చాలకపోవడం కొత్త సమస్య కాదు. కొడుక్కి పెళ్లి కుదిరితే ఒక గది, అన్నదమ్ములు వేరుపడితే మరో వంటిల్లు, నెలకింత అద్దె వస్తుందనుకుంటే పైన ఒక వాటా - తణుకు పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను పాత ఇళ్లకు ఇలా చేర్పులు జరుగుతూనే ఉన్నాయి. కొత్త స్థలం కొనే స్తోమత లేనివారు ఉన్న ఇంటినే పెంచుకోవడం సబబే. అయితే ఆ ఇల్లు అదనపు బరువును మోయగలదా అన్నది ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

పాత పెంకుటిళ్లను, మండువా లోగిళ్లను కట్టిన మేస్త్రీల పనితనాన్ని తప్పు పట్టనవసరం లేదు. దూలాలు, వాసాలు, పెంకులు - ఈ బరువుకు తగినట్టుగా వారు గోడలు లేపారు. ఇటుకను మట్టి అడుసుతోనో, గానుగ సున్నంతోనో పేర్చారు. పునాదిలో ఇనుము లేదు. ఇప్పుడు ఆ గోడల మీదనే పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల ఒక్క గది వేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. అయిదంగుళాల శ్లాబు ఒక్కటే మూడున్నర టన్నులు తూగుతుంది. తొమ్మిదంగుళాల గోడలు, తలుపులకు కిటికీలకు పోను, మరో పదిహేను టన్నులు. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 250 తెచ్చి ఇంటి నెత్తిన పేర్చినట్టే. బస్తాలను రేపు దింపుకోవచ్చు, గదిని దింపుకోలేము.

పైన వేయకుండా పక్కన వేస్తే చిక్కు లేదనుకోవడమూ పొరపాటే. డెల్టా నేల బంకమన్ను. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పాత గోడ ఏనాడో కుంగవలసినంత కుంగి కుదురుకున్నది. కొత్త గోడ ఇకపై కుంగుతుంది. రెండింటినీ కలిపి కట్టేస్తే ఆ కలిసినచోటే చీలిక వస్తుంది, ఆ చీలికలోంచి వాన నీరు దిగుతుంది. అందుకే రెండు గోడల నడుమ సందు వదలి, నీరు దిగకుండా పైన మూయాలి. పాత పునాదికన్నా లోతుగా, దానిని ఆనుకుని కందకం తవ్వరాదు. ఈ పని కాలువలు కట్టివేసిన వేసవిలో చేయించుకోవడం మేలు. మండువాను శ్లాబుతో కప్పదలచినవారు ఆ నీరు ఎటు పోతుందో, నడిమింటికి వెలుతురు ఎటునుంచి వస్తుందో కూడా ఆలోచించాలి.

ఇవన్నీ చెప్పవలసిన బాధ్యత ఎవరిది? అనుమతి లేకుండా చేర్పులు చేయరాదని 1965 నాటి పురపాలక సంఘాల చట్టం చెబుతోంది. కట్టిన తర్వాత రుసుము తీసుకుని క్రమబద్ధీకరించే పథకాలను ప్రభుత్వాలు 2015లోను, 2019లోను ప్రకటించాయి. దీనితో ముందు కట్టేద్దాం, తర్వాత చూసుకుందాం అన్న ధోరణికి ఊతం దొరికింది. రుసుము చెల్లిస్తే కాగితం సక్రమమవుతుందే గాని పునాది బలపడదు.

అనుమతికి తిరగవలసి వస్తుందన్న భయంతోనే సామాన్యుడు మేస్త్రి మాట మీద ఆధారపడుతున్నాడు. ఈ భయం పోగొట్టడం పురపాలక సంఘం చేతిలో ఉంది. వారంలో ఒక రోజు కేటాయించి, కోరినవారి పాత ఇంటిని ఇంజినీరు వచ్చి చూసి, మోయగలదో లేదో చెప్పే ఏర్పాటు చేయవచ్చు. పునాది పక్కన ఒక చిన్న గుంట తవ్వించి చూస్తే చాలావరకు సంగతి తెలిసిపోతుంది. పొరుగున తాడేపల్లిగూడెంలో 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ సహాయమూ కోరవచ్చు; సివిల్ విద్యార్థులకు అది మంచి పాఠమవుతుంది.

గృహస్థులు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. లక్షలు పోసి గది వేసేవారు ఇంజినీరుకు ఇచ్చే నాలుగు వేలకు వెనుకాడరాదు. పాత గోడ మోయలేదని ఆయన చెబితే, పైగదికి వేరుగా స్తంభాలు వేయించుకోవాలి, లేదా ఆ ఆలోచన మానుకోవాలి. ఆ గోడల నడుమ నిద్రించేది మన పిల్లలే. పురపాలక సంఘం రానున్న వేసవి పనులు మొదలుకాకముందే ఈ విషయమై దృష్టి సారించవలసి ఉంది.